ముగింపు నిజమైతే వాదం చెల్లినట్టేనా?

(తిరుపతిలో డిగ్రీ, పీజీ విద్యార్థుల కోసం ఒక ఆదివారం ఉదయం జరిగిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్లకు బోర్డు కనిపిస్తోందా? కనిపించకపోతే ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఈ రోజు బోర్డుతో పని ఎక్కువ.

మూడు వాక్యాలు రాస్తున్నాను. తిరుపతి జిల్లాలోని ఊళ్లన్నీ ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. చంద్రగిరి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. కాబట్టి చంద్రగిరి తిరుపతి జిల్లాలో ఉంది.

చదివారా? మొదటి మాట నిజమేనా? నిజమే. రెండోది? నిజమే. మూడోది? అదీ నిజమే, ఇక్కడి నుంచి ఆటోలో పోయి వచ్చే దూరమే కదా చంద్రగిరి. మరి ఈ వాదం సరైనదేనా? సరైనదే అనుకునేవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఎత్తారు. దించకండి, అలాగే ఉంచండి. ఇప్పుడు చంద్రగిరి అని ఉన్న రెండు చోట్లా చెరిపేసి కాణిపాకం అని రాస్తున్నాను. ఇంకేమీ మార్చలేదు, చూడండి. తిరుపతి జిల్లాలోని ఊళ్లన్నీ ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. కాణిపాకం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. కాబట్టి కాణిపాకం తిరుపతి జిల్లాలో ఉంది.

చేతులు దిగిపోతున్నాయి. ఎందుకమ్మా? కాణిపాకం చిత్తూరు జిల్లాలో ఉంది కాబట్టి. మొదటి రెండు మాటలూ ఇప్పటికీ నిజమే. మూడోది మాత్రం అబద్ధమైపోయింది. ఊరి పేరు ఒక్కటే మారింది. అంటే ఏమిటి? చంద్రగిరి దగ్గర కూడా ఆ రెండు మాటల్లోంచి మూడో మాట రాలేదన్నమాట. చంద్రగిరి తిరుపతి జిల్లాలో ఉందని మీకు ముందే తెలుసు. ఆ తెలిసిన సంగతి చూసి వాదానికి ఓటేశారు. వాదాన్ని చూసి వేయలేదు.

నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఇదే. ఎవరైనా ఒక వాదం చేస్తే మనం రెండు ప్రశ్నలు అడగాలి. రెండూ విడివిడిగా అడగాలి. అతను ఆధారంగా చెప్పిన మాటలు నిజమా? అది ఒకటి. ఆ మాటలు నిజమే అనుకుంటే, ముగింపు తప్పనిసరిగా వచ్చి తీరుతుందా? అది రెండోది. రెండో ప్రశ్నకు జవాబు అవును అయితే ఆ వాదం చెల్లుతుంది అంటాం. ఇంగ్లీషు మీడియం వాళ్లు వాలిడ్ అంటారు. మళ్లీ చెబుతున్నాను, రాసుకోండి. ఆధార వాక్యాలన్నీ నిజమై, ముగింపు మాత్రం అబద్ధమయ్యే పరిస్థితి ఎక్కడా ఉండటానికి వీల్లేకపోతే ఆ వాదం చెల్లుతుంది. అలాంటి పరిస్థితి ఒక్కటి చూపించగలిగినా చెల్లదు. ఇందాక మనకు కాణిపాకం చూపించింది అదే.

ఇప్పుడు ఇంకోటి. ఇది వింటే కొంతమందికి కోపం వస్తుంది. తమిళనాడులోని ఊళ్లన్నీ సముద్రం ఒడ్డున ఉన్నాయి. కాణిపాకం తమిళనాడులో ఉంది. కాబట్టి కాణిపాకం సముద్రం ఒడ్డున ఉంది. మూడు మాటలూ అబద్ధాలే. చెల్లుతుందా? ఎవరో చెల్లదు అన్నారు. కాదమ్మా, ఆలోచించండి. ఆ మొదటి రెండు మాటలు నిజమైన లోకం ఒకటి ఉందనుకోండి. ఆ లోకంలో కాణిపాకం సముద్రం ఒడ్డున లేకుండా ఉండగలదా? ఉండలేదు. కాబట్టి చెల్లుతుంది. పూర్తిగా చెల్లుతుంది.

ఇంకా విడ్డూరమైనది రాస్తాను. తమిళనాడులోని ఊళ్లన్నీ చిత్తూరు జిల్లాలో ఉన్నాయి. కాణిపాకం తమిళనాడులో ఉంది. కాబట్టి కాణిపాకం చిత్తూరు జిల్లాలో ఉంది. రెండు అబద్ధాల్లోంచి ఒక నిజం వచ్చింది, అదీ చెల్లే దారిలోనే వచ్చింది! అందుకే ముగింపు నిజమా కాదా అని చూసి వాదాన్ని కొలవలేం. చెల్లుబాటు మనకు ఒకే ఒక్క హామీ ఇస్తుంది. నిజాలతో మొదలుపెడితే అబద్ధం దగ్గర తేలం. అబద్ధాలతో మొదలుపెడితే ఎక్కడ తేలతామో దానికి పూచీ లేదు. మదనపల్లె మార్కెట్లో కాటా ఉంటుంది కదా. అది టమాటా పెట్టె బరువెంతో సరిగ్గా చెబుతుంది. లోపల కాయ కుళ్లిందో లేదో చెప్పదు. అది చూడాల్సింది మనమే, పెట్టె విప్పి. కాటా చెప్పలేదు కదా అని కాటాను తిట్టం.

మాటలూ నిజమై, వాదమూ చెల్లితే, దాన్ని పక్కా వాదం అందాం. మనకు చివరికి కావలసింది అదే. కానీ అక్కడికి చేరాలంటే రెండు తనిఖీలూ జరగాలి. ఒకటి చేసి రెండూ చేశామనుకోకూడదు.

ఈ ప్రాంతం వాళ్లం కదా, మన జిల్లా చరిత్రలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. మన తాతలు 1958లో ఇలా అన్నారనుకోండి. చిత్తూరు జిల్లాలోని ఊళ్లన్నీ ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉంది. కాబట్టి తిరుత్తణి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. అప్పటికి అది పక్కా వాదం. రెండు మాటలూ నిజం, వాదం చెల్లుతుంది. 1960లో రాష్ట్రాల సరిహద్దులు సర్దారు, తిరుత్తణి అప్పటి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లిపోయింది. ఇప్పుడు అదే వాదం చెబితే? రెండో మాట అబద్ధం, ముగింపూ అబద్ధం. మరి వాదం చెల్లుతుందా? అప్పుడూ చెల్లింది, ఇప్పుడూ చెల్లుతుంది. పార్లమెంటు చట్టం చేసి సరిహద్దు మార్చగలదు. ఆ రెండు మాటల్లోంచి ఆ మూడో మాట రావడాన్ని మాత్రం మార్చలేదు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయినప్పుడు కూడా ఇంతే. మ్యాపులు మారాయి, ఆఫీసుల బోర్డులు మారాయి, మన అడ్రసులు మారాయి. వాదాల చెల్లుబాటులో వెంట్రుకంత తేడా రాలేదు. నాకు ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది. మనుషులం కనిపెట్టుకున్న వాటిలో ఇంత నిలకడైనవి ఎన్ని ఉన్నాయి చెప్పండి?

ఎందుకు మారదు? ఎందుకంటే చెల్లుబాటు ఊళ్ల మీద ఆధారపడిలేదు, జిల్లాల మీద ఆధారపడిలేదు. వాదం రూపం మీద ఆధారపడి ఉంది. ఊళ్ల పేర్లన్నీ తీసేసి అక్షరాలు పెడుతున్నాను. క లన్నీ గ లు. చ ఒక క. కాబట్టి చ ఒక గ. తిరుత్తణి వాదం ఇదే, సముద్రం వాదం ఇదే. ఈ ఖాళీల్లో మీ ఇష్టమొచ్చినవి నింపుకోండి, చెల్లుతుంది. ఇందాకటి చంద్రగిరి రూపం ఏమిటి? క లన్నీ గ లు. చ ఒక గ. కాబట్టి చ ఒక క. చూడటానికి అక్కచెల్లెళ్లలా ఉన్నాయి. ఒకటి ఎప్పుడూ మోసం చేయదు, రెండోది ఎప్పుడు మోసం చేస్తుందో తెలియదు.

మాటలు తీసేసి అక్షరాలు పెట్టడం ఇప్పుడు మనకు మామూలు. ఎనిమిదో తరగతి పిల్లవాడికి కూడా అలవాటే. క్రీస్తు పూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ ఈ పని చేశాడు. ఏ విషయమైనా పట్టే ఖాళీలు ఉంచి, ఏ రూపాలు చెల్లుతాయి, ఏవి చెల్లవు అని ఒక్కొక్కటీ పరీక్షించాడు. చెల్లనివాటిని ఎలా తేల్చాడో తెలుసా? మనం కాణిపాకంతో చేసినట్టే. అదే రూపంలో ఆధారాలు నిజమై ముగింపు అబద్ధమయ్యే మాటలు వెతికి పెట్టాడు. రెండు వేల మూడు వందల ఏళ్లు దాటినా ఆ పద్ధతికి పదును తగ్గలేదు.

సరే, ఇప్పుడు ఇంట్లో, ఆసుపత్రిలో, టీవీలో రోజూ వినే రూపానికి వద్దాం. అయితే అన్న మాట ఉన్న వాదాలు. డెంగీ అయితే జ్వరం వస్తుంది అనుకుందాం. పిల్లవాడికి జ్వరం వచ్చింది. కాబట్టి డెంగీ. వాన కాలంలో ఈ వాదం విననివాళ్లు ఇక్కడ ఉన్నారా? ఇంటిల్లిపాదికీ టెన్షన్. రూపం చూడండి. క అయితే గ. గ జరిగింది. కాబట్టి క. దీనికి కాణిపాకం ఎవరు చెబుతారు? అదే రూపంలో, ఆధారాలు నిజం, ముగింపు అబద్ధం... ఆ, ఆ అమ్మాయి చెబుతోంది, గట్టిగా చెప్పమ్మా. కరెంటు పోతే ఫ్యాను ఆగిపోతుంది. ఫ్యాను ఆగిపోయింది. కాబట్టి కరెంటు పోయింది. చాలా బాగుంది! లైటు వెలుగుతూనే ఉంది, ఎవరో ఫ్యాను స్విచ్ ఆపారు. ఒక్క ఉదాహరణతో ఆ రూపం పని అయిపోయింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. డాక్టరు కూడా జ్వరం చూసి డెంగీ కావచ్చు అనుకుంటాడు కదా, ఆయనదీ తప్పేనా అంటారేమో. తప్పు కాదు. ఆయన కావచ్చు అన్నాడు, రక్తపరీక్ష రాశాడు. జ్వరం వల్ల డెంగీ అనుమానం బలపడుతుంది, అది న్యాయమైన ఆలోచనే. అనుమానం బలపడటం వేరు, తప్పనిసరిగా తేలడం వేరు. కావచ్చు అనాల్సిన చోట కాబట్టి అన్నప్పుడే చిక్కు వస్తుంది.

దీనికి తోబుట్టువు ఇంకోటుంది. డెంగీ అయితే జ్వరం వస్తుంది, డెంగీ కాదని తేలింది, కాబట్టి జ్వరం రాదు. ఇది చెల్లదని మీకే తెలిసిపోతోంది, దాని మీద ఎక్కువసేపు వద్దు. చెల్లేవి రెండు. డెంగీ అని తేలింది, కాబట్టి జ్వరం ఉంటుంది. జ్వరం లేదు, కాబట్టి డెంగీ కాదు. నిజానికి డెంగీ సోకినా జ్వరం కనిపించనివాళ్లు ఉంటారు, అది మొదటి మాట నిజమా అన్న ప్రశ్న. చూశారా, రెండు ప్రశ్నలు ఎలా విడిపోతున్నాయో!

ఈ రెండో చెల్లే రూపం, గ లేదు కాబట్టి క లేదు అన్నది, మన బుర్రకు సులభంగా తట్టదు. 1966లో పీటర్ వేసన్ అనే ఇంగ్లండు మనస్తత్వ శాస్త్రవేత్త ఒక చిన్న పరీక్ష పెట్టాడు. మన అక్షరాలతో చెబుతాను. నాలుగు కార్డులున్నాయి. ప్రతి కార్డుకూ ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె. పైకి కనిపిస్తున్నవి అ, క, 4, 7. నియమం ఏమిటంటే, ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉండాలి. నియమం తప్పిందో లేదో తేల్చడానికి ఏ కార్డులు తిప్పి చూడాలి? తొందర వద్దు. అ తిప్పాలి, సరే. ఇంకా? చాలామంది 4 అంటున్నారు. 4 వెనక క ఉందనుకోండి, నియమం తప్పినట్టా? హల్లు వెనక ఏమి ఉండాలో నియమం ఏమీ చెప్పలేదే! తిప్పాల్సింది 7. దాని వెనక అచ్చు ఉంటే నియమం తప్పింది. అ, 7, ఈ రెండే. ఇలాంటి పరీక్షల్లో సరిగ్గా చెప్పేవాళ్లు సాధారణంగా పదిమందిలో ఒకరు కూడా ఉండరు. కాబట్టి ఎవరూ చిన్నబుచ్చుకోకండి.

ఇప్పుడు అదే పరీక్షను బస్సెక్కించి చూడండి. రాయితీ టికెట్ తీసుకుంటే 60 ఏళ్లు నిండి ఉండాలి. బస్సులో నలుగురున్నారు. ఒకాయన రాయితీ టికెట్ మీద ఉన్నాడు, వయసు తెలియదు. ఒకాయన మామూలు టికెట్. ఒకాయనకు 65 ఏళ్లు, ఏ టికెట్టో తెలియదు. ఒకాయనకు 30 ఏళ్లు, ఏ టికెట్టో తెలియదు. కండక్టరు ఎవరిని అడగాలి? అందరూ ఒక్కసారే చెప్పేస్తున్నారు! రాయితీ టికెట్ ఆయన వయసు, 30 ఏళ్లాయన టికెట్. కరెక్ట్. ఇందాకటి కార్డులకూ దీనికీ రూపంలో రవ్వంత తేడా లేదు. 1982లో గ్రిగ్స్, కాక్స్ అనే ఇద్దరు అమెరికాలో బీరు తాగే వయసు నియమంతో ఇలాగే పరీక్షిస్తే నూటికి డెబ్బై మందికి పైగా సరిగ్గా చెప్పారు. విషయం అలవాటైనదైతే దారి కనిపిస్తుంది, కొత్తదైతే అదే దారి కనిపించదు. అందుకే నేను రూపం నేర్చుకోండి అని ఇంతగా బతిమాలుతున్నాను. అలవాటు లేని విషయాల్లోనే మనం మోసపోయేది. అప్పు కాగితాల్లో, వైద్యంలో, చట్టంలో.

ఇక మన దేశం సంగతి. తర్కం అనగానే గౌతముడి న్యాయసూత్రాలు గుర్తొస్తాయి. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని వాదానికి ఐదు అవయవాలు, అంటే భాగాలు. కొండ మీద నిప్పు ఉంది. పొగ ఉంది కాబట్టి. ఎక్కడ పొగ ఉంటే అక్కడ నిప్పు ఉంటుంది, వంటింట్లో లాగా. ఈ కొండ మీదా అలాంటి పొగ ఉంది. అందుచేత నిప్పు ఉంది. ఇది మీలో చాలామంది విన్నదే. వినని భాగం ఒకటి చెబుతాను. దీన్ని తిప్పితే? కొండ మీద పొగ ఉంది, నిప్పు ఉంది కాబట్టి. ఇది కుదరదని నైయాయికులు, అంటే ఈ న్యాయశాస్త్రం చదివినవాళ్లు, తేల్చారు. ఎలా తేల్చారు? ఎర్రగా కాలిన ఇనుప గుండును చూపించారు. నిప్పు ఉంది, పొగ లేదు! మన కాణిపాకం అక్కడ ఇనుప గుండు రూపంలో ఉంది. అంతటితో ఆగలేదు. మరి నిప్పుతో పొగ ఎప్పుడు వస్తుంది అని అడిగి, కట్టె తడిగా ఉంటే వస్తుంది అన్నారు. ఆ తడి కట్టె షరతును ఉపాధి అన్నారు. కేవలం తప్పు అని కొట్టేయకుండా, ఏది కలిస్తే ఒప్పవుతుందో కూడా చూపించడం, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం.

మనకు దగ్గరి మనిషి ఒకరున్నారు, దిఙ్నాగుడు. బౌద్ధ తార్కికుడు, క్రీస్తు శకం 5-6 శతాబ్దాల కాలం. టిబెట్ సంప్రదాయం ఆయన కంచి దగ్గర పుట్టాడంటుంది. కంచి మనకెంత దూరం? ఇక్కడ పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం లోపల దిగుతాం. ఆయన హేతుచక్రం అని తొమ్మిది గదుల పట్టిక వేశాడు. మనం చూపించే హేతువు, అనుకూలమైన ఉదాహరణల్లో అన్నిటా ఉందా, కొన్నిట్లో ఉందా, అసలు లేదా? వ్యతిరేకమైన ఉదాహరణల్లో అన్నిటా ఉందా, కొన్నిట్లో ఉందా, అసలు లేదా? మూడు మూళ్లు తొమ్మిది. అందులో రెండే సరైనవి. అనుకూలమైనవాటిలో అన్నిట్లోనో కొన్నిట్లోనో ఉండాలి, వ్యతిరేకమైనవాటిలో ఒక్కదాంట్లో కూడా ఉండకూడదు. పొగ గురించా, శబ్దం గురించా అని ఆ పట్టిక అడగదు. రూపాన్ని చూసే చూపు ఇది.

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మన న్యాయశాస్త్రమూ గ్రీకు తర్కమూ ఒకటే అని కొందరు ఉత్సాహంగా చెబుతుంటారు. ఒకటి కాదు. నైయాయికులకు కావలసింది ప్రమ, అంటే సరైన జ్ఞానం. అందుకని హేతువు అబద్ధమైనా, సంబంధం కుదరకపోయినా రెంటినీ హేత్వాభాసలు, అంటే హేతువులా కనిపించే తప్పులు, అనే ఒకే పద్దులో పెట్టారు. మాటలు నిజమా అన్నదాన్ని పక్కనపెట్టి రూపాన్ని మాత్రమే చూడటం వాళ్ల లక్ష్యం కాదు. సముద్రం ఒడ్డు కాణిపాకం వాదాన్ని చూపించి చెల్లుతుంది అంటే వాళ్లు ఎందుకయ్యా ఇది అని అడిగేవారు. అది లోపం అని నేను అనను. వాళ్ల పని వేరు. రెంటినీ గౌరవించాలంటే రెంటినీ ఉన్నదున్నట్టు చదవాలి. చదవాలనుకునేవాళ్లు అన్నంభట్టు తర్కసంగ్రహంతో మొదలుపెట్టండి. ఆయన తెలుగువాడు, బాలలకు సుఖంగా బోధపడటానికే రాస్తున్నానని మొదటి శ్లోకంలోనే చెప్పుకున్నాడు.

రూపం ఎప్పుడూ పైకి కనిపిస్తుందనుకోకండి. గుర్రాలన్నీ జంతువులు, కాబట్టి గుర్రాల తలలన్నీ జంతువుల తలలే. చెల్లుతుందని మనకు తెలుస్తూనే ఉంది. కానీ అరిస్టాటిల్ పెట్టెల్లో ఇది ఇమడదు. ఇలాంటి ఉదాహరణను ముందుకు తెచ్చినవాడు డీ మోర్గాన్ అనే ఇంగ్లండు గణిత శాస్త్రవేత్త. ఆయన 1806లో మదురైలో పుట్టాడు, మన పొరుగునే! సంబంధాలను, అంటే దీని తల, వాడి కొడుకు, దానికన్నా పెద్దది లాంటివాటిని, అన్నీ, కొన్నీ అనే మాటలతో కలిపి పట్టుకోగల భాష 1879లో ఫ్రెగె అనే జర్మన్ తార్కికుడు రాసిన చిన్న పుస్తకంతో వచ్చింది. అందుచేత ఒక వాదం మీకు తెలిసిన చెల్లే రూపాల్లో పట్టలేదని వెంటనే కొట్టేయకండి. ఇంకా లోపలికి చూస్తే వేరే రూపం ఉండవచ్చు. చెల్లదని గట్టిగా అనాలంటే ఎదురు ఉదాహరణ చేతిలో ఉండాలి.

ఇంకో పొరపాటు కూడా వద్దు. అవతలివాడి వాదం చెల్లదని తేల్చగానే అతని ముగింపు అబద్ధమని ఎగిరి గంతేస్తాం. చంద్రగిరి వాదం చెల్లలేదు. అంతమాత్రాన చంద్రగిరి తిరుపతి జిల్లాలోంచి పోయిందా? కోట అక్కడే ఉంది. వాదం పడిపోతే ఆ వాదం పడిపోయింది, అంతే. ముగింపుకు వేరే ఆధారం ఉందేమో వెతకాలి.

మీలో చాలామంది చర్చల్లో మాట్లాడతారు, ఓటు వేస్తారు, రేపు లాయర్లవుతారు, టీచర్లవుతారు. మనకు నచ్చని ముగింపు దగ్గర తప్పు పట్టడం ఎవరికైనా వచ్చు. మనకు నచ్చిన ముగింపును మనవాడు చెల్లని వాదంతో చెబుతుంటే, ఆగు, ఇది ఇందులోంచి రాలేదు అనగలరా? అది చాలా కష్టం. ఇంట్లో నాన్నతో, పార్టీలో నాయకుడితో, గుళ్లో పెద్దాయనతో అనాలంటే ఇంకా కష్టం. మర్యాద తగ్గకుండా అనవచ్చు. ముగింపు నాకూ సమ్మతమే, దారి మాత్రం ఇది కాదండీ, అని.

ప్రశ్న ఉందా బాబూ? అడుగు. ఆ... బ్యాంకు పరీక్షల్లో, క లన్నీ గ లు అంటే కొన్ని గ లు క లు అన్నది వస్తుంది అని కోచింగ్‌లో చెప్పారు, పుస్తకంలో మాత్రం రాదని ఉంది, ఏది కరెక్ట్ అంటున్నాడు. మంచి ప్రశ్న. ఈ హాలు తలుపు మీద ఒక నోటీసు ఉందనుకోండి. పది తర్వాత వచ్చినవాళ్లందరూ బయటే నిలబడాలి. ఈ రోజు ఎవరూ ఆలస్యంగా రాలేదు. నోటీసు అబద్ధమైందా? కాలేదు. కానీ బయట నిలబడ్డవాళ్లలో కొందరు ఆలస్యంగా వచ్చినవాళ్లు అనగలమా? ఎవరూ లేరే! ఈ కాలపు తర్కంలో అన్నీ అన్న మాట, అవి ఉన్నాయి అని హామీ ఇవ్వదు, కాబట్టి రాదు. అరిస్టాటిల్ పద్ధతిలో క లు ఉన్నాయనే లెక్క, కాబట్టి వస్తుంది. మీ పరీక్షల వాళ్లు క లు ఉన్నాయనే లెక్క వేసుకుంటారు. పరీక్షలో వస్తుందనే టిక్ పెట్టు నాయనా. పక్కన చిన్నగా రాసుకో, ఒక్క క అయినా ఉంటే, అని. చెప్పకుండా వదిలేసిన ఆ ఒక్క మాటను ఆధార వాక్యాల్లో చేరిస్తే ఏ తర్కంలోనైనా చెల్లుతుంది.